పక్షి ఛాయాచిత్రం: విమర్శలో ఔచిత్యం

స్వేచ్ఛగా తిరిగే పిట్టను ఫొటో తీసి పదిమందికీ చూపించినవారికి సాధారణంగా రెండే స్పందనలు దొరుకుతాయి. ఒకటి ‘అద్భుతం’ అన్న మెచ్చుకోలు, రెండోది ‘ఏ లెన్సు వాడారు?’ అన్న ప్రశ్న. మొదటిది మర్యాద, రెండోది పరికరాల మీద ఆసక్తి. ఈ రెంటిలోనూ చిత్రం గురించి గానీ పిట్ట గురించి గానీ ఒక్క మాటా లేదు. కావ్యవిమర్శకు గుణదోష విచారణ అనే పాత సంప్రదాయం ఉంది. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు మరో మెట్టు ఎక్కి, అలంకారమైనా గుణమైనా తగినచోట ఉంటేనే శోభిస్తుందని, ఆ తగినతనమే ఔచిత్యమని ‘ఔచిత్య విచార చర్చ’లో ప్రతిపాదించాడు. పక్షి ఛాయాచిత్రాన్ని పరిశీలించడానికి ఈ రెండు కొలతలూ కావాలి.

గుణదోష విచారణ ఎలా ఉండాలో ఒక మామూలు ఉదాహరణతో చూడవచ్చు. ఫ్లోరిడా చిత్తడినేలల్లో, మధ్యాహ్నపు ఎండలో, నల్లటి నీటి ముందు నిలబడ్డ పెద్ద తెల్లకొంగ చిత్రం ఒకటి ఉందనుకుందాం. ‘తెలుపు ఎక్కువైంది’ అనడం నిజమే అయినా తీసినవారికి దాని వల్ల ఉపయోగం లేదు. ఫ్రేములో ఎక్కువ భాగం నీటి నలుపే కావడంతో కెమెరా మీటరు దృశ్యమంతా చీకటిగా ఉందని లెక్కగట్టి వెలుగును పెంచింది. దాంతో కొంగ వీపు మీది ఈకల గీతలు తెల్లటి మరకలో కలిసిపోయాయి. అలా పూర్తిగా పోయిన వివరాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కాబట్టి ఎక్స్‌పోజరును ఒక స్టాపు వరకు తగ్గించమని, హిస్టోగ్రాము కుడి అంచుకు తగిలి తెగిపోకుండా చూసుకోమని, వీలైతే పొద్దున్నే ఏటవాలు వెలుగులో ప్రయత్నించమని చెప్పాలి. అదే చిత్రంలో చేప మీదికి దూకబోయే ముందు బిగిసిన మెడ వంపు సరైన క్షణంలో చిక్కి ఉంటే, ఆ సంగతీ అంతే కచ్చితంగా చెప్పాలి. కారణం చెప్పని మెప్పుతో ఎవరూ తాము చేసిన మంచిపనిని రెండోసారి చేయలేరు.

అయితే ఇలాంటి దోషాలేవీ లేని చిత్రంలోనే అంతకన్నా పెద్ద తప్పు దాగి ఉండవచ్చు. ఉత్తర అమెరికాలో కిల్‌డీర్ అనే పిట్ట గులకరాళ్ళ నేల మీద, ఒక్కోసారి పార్కింగ్ స్థలాల అంచుల్లో కూడా, గుడ్లు పెడుతుంది. ఎవరైనా గూటి దగ్గరికి వస్తే ఒక రెక్క విరిగినట్టు నేల మీద ఈడుస్తూ, నారింజ రంగు కనబడేలా తోకను విసనకర్రలా విప్పి, అరుస్తూ, వచ్చినవారిని తన వెంట దూరంగా తీసుకుపోజూస్తుంది. ఫొటోకు ఇంతకన్నా రమ్యమైన భంగిమ దొరకడం కష్టం. కంటి మెరుపు, ఈకల స్పష్టత, నేపథ్యపు మృదుత్వం అన్నీ కుదిరిన అలాంటి చిత్రాన్ని ‘పక్షి నాట్యం’ అని మెచ్చుకోవడం చాలా సులువు. కానీ ఆ పిట్ట తల్లడిల్లుతోంది. తీసినవారు గూటికి మరీ దగ్గరగా వెళ్ళారన్న సాక్ష్యం ఆ చిత్రంలోనే ఉంది. ఈ నటన సాగినంతసేపూ గుడ్లు ఎండకూ వేటజీవులకూ వదిలేసినట్టే.

పిట్ట ప్రవర్తన తెలియని విమర్శకుడు ఇక్కడ గుణమని మెచ్చుకునేది నిజానికి అనౌచిత్యం. అలాగని తీసినవారిని నిందించడమూ పనికిరాదు. చాలామంది ఆ భంగిమకు అర్థం తెలియకే కెమెరా దించరు. నిందపడ్డవారు చిత్రాన్ని దాచుకుంటారు గానీ అలవాటు మార్చుకోరు. రెక్క వాలడం కనిపించగానే వెనక్కి నడవాలని, దూరంగా, కుదిరితే కారులోనే, కదలకుండా కూర్చుంటే పిట్ట తన పనిలో పడుతుందని, అప్పుడు తీసిన చిత్రంలో దాని అసలు జీవితం కనిపిస్తుందని చెప్పేది సద్విమర్శ.

ఈ కొలత కాలంతో మారుతుంది కూడా. బ్రిటిష్ పక్షి ఛాయాగ్రాహకుడు ఎరిక్ హోస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గరి మాటులోకి ఎక్కబోతూ, ఆ పక్షి దాడిలో ఎడమకన్ను కోల్పోయారు. అయినా గుడ్లగూబలను తీయడం మానలేదు. ఎలుకను ముక్కున కరచి రెక్కలు విప్పిన బార్న్ అవుల్‌ను 1948లో ఆయన తీసిన చిత్రం ఈనాటికీ ప్రసిద్ధమే. 1981 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత బ్రిటన్‌లో లైసెన్సు లేకుండా అదే పక్షిని గూటి దగ్గర కలతపెట్టడం నేరం. దీనివల్ల హోస్కింగ్ ప్రతిభకు వచ్చిన లోటేమీ లేదు. ఆ చిత్రాన్ని గౌరవిస్తూనే, దాన్ని నేడు అనుకరించబోయేవారికి నేటి కొలతను గుర్తుచేయడం విమర్శకుడి పని.

కవిత విఫలమైతే నష్టం పాఠకుడి సమయం వరకే. ఫొటో కోసం గూడు చెదిరితే ఆ ఏటి పిల్లలే ఉండవు. అందుకే మంచి పక్షి చిత్రం చూసినప్పుడు లెన్సు గురించి అడిగేముందు ‘ఇది తీస్తున్నప్పుడు పిట్ట ఏం చేస్తోంది?’ అని అడగాలి. జవాబు తీసినవారికి తెలియకపోతే, విమర్శ అక్కడే మొదలవ్వాలి.