నలుపు వేషం, కొలువు ప్రశ్న: తెలుగు సినిమాలో వర్ణం, ప్రాతినిధ్యం, పనిచోటు

వ్యాస సంగ్రహం:
అణచివేతకు గురైన వర్గాల కథలు గత దశాబ్ద కాలంలో తెలుగు తెరపై విరివిగా వచ్చాయి. ఆ కథలను తీసే పనిచోటు ఆయా వర్గాలకు ఎంతవరకు అందుబాటులోకి వచ్చిందన్నది వేరే ప్రశ్న. దళిత సాహిత్య విమర్శ 'ఎవరు రాశారు?' అని అడిగినట్లే, సినిమా విమర్శ 'ఎవరికి పని దొరికింది?' అని అడగవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కేంద్రంగా ఉన్న చిత్రపరిశ్రమను పనిచోటుగా పరిశీలిస్తూ, కొన్ని చిత్రాలలో నలుపు రంగు చిత్రణను ఆ దృష్టితో వివేచిస్తుంది.

కీలక పదాలు: తెలుగు సినిమా, వర్ణ వివక్ష, ప్రాతినిధ్యం, దళిత విమర్శ, సినీ కార్మికులు, ఫిలింనగర్.

1. ఉపోద్ఘాతం

1990లలో తెలుగు దళిత విమర్శ ఒక మౌలికమైన భేదాన్ని ముందుకు తెచ్చింది. దళితుల గురించి రాయడం వేరు, దళితులు రాయడం వేరు. సానుభూతి, సహానుభూతి, స్వానుభూతి అనే మాటల చుట్టూ సాగిన చర్చకు ఈ భేదమే ఆధారం. జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' వంటి సంకలనాలు ఆ చర్చకు బలాన్నిచ్చాయి. నేడు ఏ విశ్వవిద్యాలయంలోనైనా దళిత కథపై పరిశోధన చేసేవారు రచయిత సామాజిక స్థానాన్ని పక్కనపెట్టి ముందుకు సాగలేరు.

సినిమా విషయానికి వచ్చేసరికి ఈ జాగ్రత్త సడలుతుంది. కథలో పేదవాడు నాయకుడైతే, కులాంతర ప్రేమ ఇతివృత్తమైతే, దానిని అభ్యుదయ చిత్రంగా గుర్తించడంతో విమర్శ తృప్తి పడుతుంది. నవలకు కర్త ఒక్కరే కావచ్చు. సినిమా వందలమంది శ్రమతో రూపొందే వస్తువు. కనుక సినిమాను గురించి వేయవలసిన ప్రశ్న రెండింతలు పెద్దది. తెరపై ఉన్నది ఎవరి జీవితం? ఆ జీవితాన్ని తెరకెక్కించే పని ఎవరి చేతికి వచ్చింది?

2. పూర్వరంగం: 'మాలపిల్ల'

గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1938లో వచ్చిన 'మాలపిల్ల' తెలుగు సాంఘిక చిత్రాలలో మైలురాయి. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి. కాంచనమాల, గోవిందరాజుల సుబ్బారావు ప్రధాన పాత్రధారులు. దేవాలయ ప్రవేశ ఉద్యమం నడుస్తున్న రోజులలో, అగ్రహారపు యువకుడు మాలపిల్లను ప్రేమించడాన్ని ఇతివృత్తంగా తీసుకోవడం సాహసమే. ఆ సాహసాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు.

అయితే ఆ చిత్రం నుంచి పరిశ్రమ నేర్చుకున్నది ఏమిటన్నది చర్చనీయాంశం. మాలపిల్ల కథానాయిక కావచ్చునని చిత్రం నిరూపించింది. మాలపల్లె నుంచి వచ్చిన అమ్మాయి నటి కావడానికి దారి ఏదన్న ప్రశ్న మాత్రం కథ వెలుపలే నిలిచిపోయింది. గుడి తలుపులు తెరవాలన్న చిత్రం స్టూడియో తలుపుల గురించి మాట్లాడవలసిన అవసరం ఆనాటికి ఎవరికీ తోచి ఉండకపోవచ్చు. ఎనిమిది దశాబ్దాల తరువాత కూడా తోచకపోతే అది విమర్శకుల లోపమే అవుతుంది.

3. వేషంగా నలుపు

కృష్ణుడు నల్లనివాడు. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె మేనిఛాయ వల్లనే వచ్చింది. శ్యామవర్ణాన్ని సౌందర్యంగా వర్ణించిన సంప్రదాయం తెలుగు కావ్యాలకు ఉంది. పౌరాణిక చిత్రాలు ఆ నలుపును నీలంగా మార్చి దేవతలకు పరిమితం చేశాయి. సాంఘిక చిత్రాలలో నల్లని మనిషి చాలాకాలం హాస్యానికో ప్రతినాయకత్వానికో గుర్తుగా మిగిలాడు.

2018 తరువాత ఈ స్థితిలో మార్పు కనిపిస్తుంది. సుకుమార్ దర్శకత్వం వహించిన 'రంగస్థలం' (2018)లో రామలక్ష్మి పాత్రకు సమంత ముదురు ఛాయతో కనిపించారు. అదే దర్శకుని 'పుష్ప' (2021)లో అల్లు అర్జున్ మేనిఛాయను మేకప్‌తో నల్లబరిచారు. ఎర్రచందనం కూలీగా మొదలై, ఇంటిపేరు దక్కని అవమానాన్ని మోసే పుష్పరాజ్ పాత్రకు ఆ రంగు ఒక సామాజిక సూచిక. ఈ పాత్రకే ఆయనకు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి తెలుగు కథానాయకుడు ఆయనే.

2021 సంవత్సరాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. ఆ ఏడాది 'ఉప్పెన', 'నారప్ప', 'శ్రీదేవి సోడా సెంటర్', 'లవ్ స్టోరీ', 'పుష్ప' వచ్చాయి. మత్స్యకార కుటుంబపు యువకుడు, భూమి కోసం పోరాడే రైతు, ఊరి ఎలక్ట్రీషియన్, నగరంలో నిలదొక్కుకోవాలని చూసే దళిత యువకుడు, ఎర్రచందనం కూలీ అయిన ఈ ఐదుగురు నాయకులనూ కులమో పుట్టుకో అడ్డగిస్తుంది. ఈ పాత్రలను వరుసగా వైష్ణవ్ తేజ్, వెంకటేష్, సుధీర్‌బాబు, నాగచైతన్య, అల్లు అర్జున్ పోషించారు. ఐదుగురూ జన్మ చేతనో బంధుత్వం చేతనో సినీ కుటుంబాలకు చెందినవారు.

నటనంటేనే పరకాయ ప్రవేశం కదా, తన జీవితం కానిదాన్ని పోషించే హక్కు నటుడికి ఉండదా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. ఆ హక్కు తప్పక ఉంది. వెంకటేష్ నారప్పగా మారడంలో దోషం లేదు. పరకాయ ప్రవేశం ఒకే దిశలో సాగడంలోనే దోషం ఉంది. సినీ కుటుంబపు నటుడు కూలీ వేషం వేయగలడు. కూలీ కుటుంబం నుంచి వచ్చిన నటుడికి జమీందారు వేషం మాట అటుంచి, కూలీ నాయకుడి వేషమైనా దొరుకుతున్నదా? నలుపు మేకప్ పెట్టెలో దొరుకుతున్నంత కాలం నల్లని నటుడి అవసరం పరిశ్రమకు కలగదు.

4. పక్కదారిన వచ్చిన ప్రవేశం: 'కలర్ ఫోటో', 'పలాస 1978'

ఈ ధోరణికి భిన్నంగా నిలిచిన రెండు చిత్రాలు 2020లోనే వచ్చాయి. సందీప్ రాజ్ దర్శకత్వంలోని 'కలర్ ఫోటో' మేనిరంగునే ఇతివృత్తంగా తీసుకుంది. మచిలీపట్నం నేపథ్యంలో, పాలు పోస్తూ చదువుకునే జయకృష్ణ ప్రేమకథ ఇది. నాయక పాత్రధారి సుహాస్ అంతకుముందు నాయకుని మిత్రుడి వంటి సహాయ పాత్రలలో కనిపించిన నటుడు. పాత్ర అనుభవించే సంకోచానికి, నటుడి వృత్తి ప్రస్థానానికి మధ్య ఉన్న పోలిక చిత్రానికి అదనపు బలాన్నిచ్చింది. 68వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఇది ఎంపికైంది.

ఈ చిత్రం ప్రేక్షకులకు చేరిన తీరు కూడా విమర్శకు సంబంధించినదే. సందీప్ రాజ్, సుహాస్ ఇద్దరూ యూట్యూబ్ లఘుచిత్రాల నుంచి వచ్చినవారు. కోవిడ్ కారణంగా థియేటర్లు మూతబడిన కాలంలో చిత్రం 'ఆహా' వేదికపై విడుదలైంది. అంటే ఫిలింనగర్ ప్రధాన ద్వారం నుంచి కాక, కొత్త మాధ్యమాలు తెరిచిన పక్కదారి నుంచి ఈ ప్రవేశం జరిగింది.

కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' ఉత్తరాంధ్ర జీడిపప్పు పట్టణంలో కళాకారుల కుటుంబానికి చెందిన దళిత సోదరుల కథ. పెద్దమనుషులు తమ కండబలాన్ని వాడుకుంటూ అధికారంలో మాత్రం వాటా ఇవ్వని వైనాన్ని ఈ చిత్రం చూపింది. శ్రమను స్వీకరించి స్థానాన్ని నిరాకరించడం అన్న దాని ఇతివృత్తం సినిమా పరిశ్రమను అర్థం చేసుకోవడానికి కూడా పనికివచ్చే సూత్రం.

5. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది

ఈ సూత్రానికి స్పష్టమైన ఉదాహరణ డబ్బింగ్ వ్యవస్థ. తెల్లని మేనిఛాయ గల కథానాయికలను ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చుకోవడం, వారికి తెలుగు మహిళల చేత గొంతు ఇప్పించడం దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. నంది పురస్కారాలలో ఉత్తమ డబ్బింగ్ కళాకారిణికి ప్రత్యేక విభాగమే ఉండేది. దీనిలో కళాకారిణుల ప్రతిభకు గుర్తింపు ఉంది, అంతకుమించి ఒక ఒప్పుకోలూ ఉంది. తెలుగు అమ్మాయి ఉచ్చారణ పరిశ్రమకు కావాలి, ఆమె రూపం అక్కరలేదు. పరభాషా నటీమణులు రావడం తప్పు కాదు, తెలుగు సినిమాను సుసంపన్నం చేసినవారు వారిలో ఎందరో ఉన్నారు. ఎంపికకు కొలమానం నటన కాక రంగు అయినప్పుడే అది వివక్షగా మారుతుంది.

6. పనిచోటుగా ఫిలింనగర్

మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పరిశ్రమ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండలపై స్థిరపడింది. ఫిలిం చాంబర్, స్టూడియోలు, నిర్మాణ సంస్థల కార్యాలయాలు అక్కడే ఉన్నాయి. దిగువన కృష్ణానగర్ వీధులలో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, సహాయ దర్శకులు అద్దె గదులలో ఉంటూ పిలుపు కోసం ఎదురుచూస్తారు. పూరి జగన్నాథ్ 'నేనింతే' (2008) ఈ జీవితాన్నే కథగా మలిచింది. 24 విభాగాలుగా చెప్పుకునే ఈ పనులలో ప్రవేశానికి సంఘ సభ్యత్వ కార్డు తాళంచెవి వంటిది.

2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిలిం చాంబర్ ఎదుట చేసిన నిరసనను ఈ నేపథ్యంలో చూడాలి. నిరసన రూపంపై జరిగినంత చర్చ దాని సారాంశంపై జరగలేదు. లైంగిక వేధింపుల ఆరోపణతో పాటు, తెలుగు అమ్మాయిలకు అవకాశాలు, 'మా' సభ్యత్వం ఆమె డిమాండ్లలో ఉన్నాయి. సభ్యులెవరూ ఆమెతో నటించరాదని సంఘం మొదట ప్రకటించి, కొద్ది రోజులకే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి అందింది. కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెల్లడైన తరువాత, ఇక్కడి నివేదికనూ ప్రచురించాలని సమంత బహిరంగంగా కోరవలసి వచ్చింది.

సినిమా యూనిట్ తాత్కాలికమైనది. చిత్రం పూర్తికాగానే చెదిరిపోతుంది. ఫిర్యాదు చేయదలచిన వ్యక్తి ఎవరి వద్దకు వెళ్లాలి? ప్రతి నిర్మాణ యూనిట్‌లోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2022 మార్చిలో కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చిక్కుకు ఒక సమాధానం. ముంబయిలో మహిళలను మేకప్ కళాకారులుగా చేర్చుకోని సంఘ నిబంధనను 2014 నవంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అక్కడ మహిళలు కేశాలంకరణకు పరిమితం కావలసి వచ్చేది. ముఖానికి రంగు వేసే పని కూడా ఎవరికి దక్కాలో సంఘ నిబంధన నిర్ణయించిందన్నమాట.

2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ రెండు వారాలకు పైగా సమ్మె చేసింది. మూడేళ్లలో 22.5 శాతం పెంపుతో అది ముగిసింది. సంఘేతరులకు పని ఇవ్వవచ్చునా అన్నది కూడా అప్పుడు వివాదమైంది. సంఘం కార్మికునికి రక్షణ కవచం, దానిని బలహీనపరచడం పరిష్కారం కాదు. ఆ కవచం బయట నిలిచిన వారికి ద్వారం ఎలా తెరవాలన్నది సంఘాలే ఆలోచించవలసిన విషయం.

7. తులనాత్మక దృష్టి

హాలీవుడ్ అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. తెల్ల నటులు ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లజాతి పాత్రలు వేయడం అక్కడ ఒకప్పటి ఆచారం. 1940లో ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి నటి హాటీ మెక్‌డేనియల్ ఆ వేడుకలో తన చిత్రబృందంతో కలిసి కూర్చోలేకపోయారు. ఆమెకు విడిగా బల్ల వేశారు. పాత్ర దొరికినా, పురస్కారం దొరికినా, సమాన స్థానం దొరకలేదు.

అకాడమీ 2020లో ప్రకటించిన ప్రాతినిధ్య ప్రమాణాలను ఈ చరిత్ర వెలుగులో చదవాలి. ఉత్తమ చిత్రం పోటీకి నాలుగు ప్రమాణాలలో కనీసం రెండింటిని తృప్తిపరచాలి. వాటిలో తెరపై కనిపించే అంశాలకు సంబంధించినది ఒక్కటే. మిగిలినవి సాంకేతిక బృందం, శిక్షణావకాశాలు, ప్రచార విభాగాలకు చెందినవి. ఈ ప్రమాణాలు మరీ సులువైనవన్న విమర్శ ఉంది. అయినా ప్రాతినిధ్యం తెరతో ముగియదన్న గుర్తింపు వాటిలో ఉంది. తెలుగునాట వర్ణానికి కులం తోడవుతుంది కనుక అమెరికా నమూనాను యథాతథంగా అన్వయించలేము. దాని ప్రశ్నను మాత్రం స్వీకరించవచ్చు.

8. ముగింపు

పై వివేచన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, నలుపు తెరపై గౌరవం పొందినంత మాత్రాన నల్లనివారికి పని దొరికినట్లు కాదు. రెండు, భిన్నమైన ప్రవేశాలు ఎక్కువగా పరిశ్రమ అంచుల నుంచే జరిగాయి. మూడు, సభ్యత్వం, ఫిర్యాదు వ్యవస్థ, వేతనం అనేవి సినిమా సౌందర్యానికి బాహ్య విషయాలు కావు. ఎవరి ముఖం, ఎవరి గొంతు తెరకు చేరాలో నిర్ణయించేవి అవే.

కనుక సినిమా పరిశోధకుడు కథ, సంభాషణ, పాటలతో పాటు చిత్రం చివర వచ్చే పేర్ల పట్టికను కూడా మూలపాఠంగా చదవాలి. ఏ విభాగంలో ఎవరున్నారు, మహిళలు ఎక్కడ ఆగిపోయారు, మొదటి చిత్రంలో సహాయకుడిగా ఉన్న పేరు పదేళ్ల తరువాత ఏ స్థానంలో ఉంది అన్నవి విశ్వవిద్యాలయ శాఖలు చేపట్టదగిన అధ్యయనాంశాలు. తెలంగాణ రాష్ట్ర చలనచిత్ర పురస్కారాలకు ఇప్పుడు గద్దర్ పేరు ఉంది. దళిత కుటుంబంలో పుట్టిన ప్రజాగాయకుని పేరుతో ఇచ్చే ఆ జ్ఞాపికలు ఏ పల్లెల నుంచి, ఏ వాడల నుంచి వచ్చినవారి చేతికి చేరుతున్నాయో లెక్క తీయడంతో ఆ అధ్యయనం మొదలు కావచ్చు.