అంతర్జాలమునఁ దెలుఁగు గ్రంథములు: చిత్రపుటలా, అక్షరపుటలా?

కొల్లేటి ప్రాచీననామములను విచారించువారికి రెండవ పులకేశి ఐహోళె శాసనము ముఖ్యాధారము. శకవర్షము 556, అనఁగా క్రీ. శ. 634 ప్రాంతమునాఁటి యా శాసనమునఁ గౌనాళజలముల ప్రసక్తి గలదు. అది కొల్లేరని కీల్‌హారను పండితుఁడు ఎపిగ్రాఫియా ఇండికా ఆఱవ సంపుటమునఁ దలంచెను. తెలుఁగునఁ గొలను అను నామము శివయోగసారకర్తయైన కొలని గణపతిదేవుని పేరిలోనే నిలిచియున్నది. ఇట్టి ప్రస్తావములను మఱికొన్నిటి నొకచోటఁ గూర్పవలెనని, ఏలూరినుండి తాడేపల్లిగూడెమునకు రైలులోఁ బోవుచు, చేతిఫోనున నొక పాఁత శాసనసంపుటమును దెఱచితిని. కొలను అని వెదకితిని. కన్నులయెదుట మూఁడవ పంక్తిలో నా పదము కానవచ్చుచుండఁగనే ఫోను లేదని చెప్పెను.

ఇందులకు హేతువు గ్రంథమును నిలిపిన రూపముననే కలదు. పీడీఎఫ్ అనునది 1993లో అడోబీ సంస్థవారు వెలువరించిన పత్రరూపము. ఏ యంత్రమునఁ దెఱచినను, ఏ కాగితముపై నచ్చొత్తినను, బుట మార్పులేక యుండవలెనని దాని యుద్దేశము. అచ్చుశాల కిది మేలు. చదువరి తెరను బట్టి పంక్తి మడఁగుట హెచ్‌టీఎంఎల్ పుటకు స్వభావము; పీడీఎఫ్ పుటకు సామాన్యముగా నది లేదు. అందుచేతఁ బెద్ద పుట చిన్న తెరపై నెక్కినప్పు డొక్కొక్క పద్యపాదమును వ్రేలితో నిటునటు లాగుకొనవలసివచ్చును. యతిస్థానమును జూచునప్పటికిఁ బాదారంభము తెర దాఁటిపోవును.

పీడీఎఫులలోను దెగలు గలవు. పాఁత పుస్తకముల పుటలను ఛాయాచిత్రములుగాఁ దీసి కూర్చినవి మొదటి తెగ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మూలమున మనకు లభించి, నేఁడు ఇంటర్నెట్ ఆర్కైవులోఁ జదువుకొనుచున్న వేలకొలది తెలుఁగు గ్రంథము లీ తెగవే. ఆ చిత్రములలో నక్షరములు లేవు, అక్షరముల బొమ్మలున్నవి. యంత్రముపైఁ గూర్పఁబడినవి రెండవ తెగ. ఇవి మఱింత మోసపుచ్చును. 1991లోనే యూనికోడు తెలుఁగున కక్షరసంకేతముల నిచ్చినను, మన యచ్చుశాలలు బహుకాలము తమతమ ఖతులలోఁ దెలుఁగు లిపిరూపములను రోమను సంకేతముల మాటునఁ గూర్చినవి. అట్టి పుటనుండి యొక పద్యమును నకలు చేసి వేఱొకచోట నిలిపినచో నర్థములేని రోమను గుఱుతుల గుంపు వచ్చిపడును. యూనికోడు ఖతితోఁ గూర్చినదైనను నిర్భయము గాదు. ఏ యాకార మెచ్చట నుండవలెనో పీడీఎఫు చెప్పును. అది యే యక్షరమో తప్పక చెప్పవలెనను నిర్బంధము దానికి లేదు. క్ష్మి వంటి సంయుక్తాక్షరమున నొత్తును గుడియును వేర్వేఱు బొమ్మలై, నకలులోఁ దాఱుమాఱగుట కలదు.

చూపులేని విద్యార్థికిఁ బుటను జదివి వినిపించు సాధనము బొమ్మయెదుట మూగవోవును. దీనిని స్వల్పలోపమని త్రోసివేయఁజాలను. ఇట్టి బాధ సామాన్యులకును గలదు. కొల్లేటిలో నైదవ కాంటూరు వఱకుఁ గల భాగమును అభయారణ్యముగాఁ బ్రకటించిన 1999 నాఁటి 120వ సంఖ్య యుత్తరువువంటి దానిలోఁ దన గ్రామము గలదో లేదో కైకలూరి ప్రాంతపు చేపలరైతు వెదకి చూచుకొనవలెనన్న, నది యక్షరరూపమున నుండవలదా?

అట్లని చిత్రపుటను నిందింపను. పాఠనిర్ణయమున కదియే సాక్షి. పూర్వముద్రణమున నరసున్నయు శకటరేఫమును నెట్లుండెనో, పరిష్కర్త తన యధస్సూచికను ఏ పుటలో వేసెనో చిత్రమే చెప్పును. బొమ్మను యంత్రముచేఁ జదివించి యక్షరములుగా మార్చునప్పు డరసున్న జాఱిపోవుట, ఱకారము రేఫమగుట సులభము. దిద్దని యక్షరపుట, అజాగ్రత్తుఁడైన లేఖకుఁడు వ్రాసిన తాళపత్రప్రతికంటె మేలైనది గాదు. ఈ విషయమునఁ దెలుఁగు వికీసోర్సువారి పద్ధతి నాకు మెచ్చుగానున్నది: ఒక ప్రక్కఁ బుటచిత్రము, వేఱొక ప్రక్క దిద్దిన పాఠము. సందేహము కలిగినవాఁడు రెంటిని బోల్చి చూచుకొనును. ఆంధ్రభారతిలోని నిఘంటుశోధనము మనకు దినదినమును దోడ్పడుచున్నదన్న, నందలి యారోపములు బొమ్మలు గాక యక్షరములగుటచేతనే.

పరిశోధకపత్రికలు తమ సంచిక నొక పీడీఎఫుగాఁ గట్టి ప్రకటించి, పని ముగిసినదని తలంచుట నాకు సమ్మతము గాదు. మూలపుటసంఖ్యలను బ్రక్కన నిలిపి యక్షరపాఠము నిచ్చినచో ఉదాహరించువానికిని వెదకువానికిని లోటుండదు. శ్రమ యధికమే; ప్రూఫులు దిద్దిన మనవారి కది క్రొత్తది గాదు.

నాఁడు తాడేపల్లిగూడెమున దిగునప్పటికి వ్రేలితో నొక్కొక్క పుటయే త్రిప్పి రెండు ప్రస్తావములను మాత్రము వ్రాసికొంటిని. ఆ సంపుటమున నింకను మూఁడువందల పుటలు మిగిలియుండెను.