సున్నం రాలిన గోపురం

మా పులివెందుల పక్కన గుళ్లు చూసొద్దామంటే బండి తమిళ దేశానికే మళ్లుతుంది. కంచి, తిరువణ్ణామలై, శ్రీరంగం, మధుర. నేనూ అవన్నీ తిరిగాను. కానీ గోపురం ఎట్లా కడతారో నాకు తెలిసింది అక్కడ కాదు. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటలో, మాధవరాయస్వామి గుడి ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

కారణం చిన్నదే. తమిళనాట గోపురాలకు పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకం జరుగుతుంది. కొత్త సున్నం, కొత్త రంగులు పడతాయి. చూడ్డానికి పండగే, కానీ లోపలి పనితనం కనపడదు. గండికోట గోపురానికి ఆ అలంకారం ఆగిపోయి ఎన్నో తరాలైంది. పూత చాలాచోట్ల రాలిపోయి ఇటుక బయటపడింది. మేస్త్రీలు పని సగంలో ఆపి సద్ది తినడానికి పోయినట్టు ఉంటుంది.

దగ్గరికి పోయి చూడండి. కిందిభాగమంతా రాయి. ఏనుగు అంబారీ పట్టేంత దారి మీద అంత బరువు నిలవాలంటే రాతి గోడలు, రాతి దూలాలే కావాలి. పైఅంతస్తులు ఇటుక, డంగు సున్నం. ఇటుక తేలిక, పైగా చెప్పిన మాట వింటుంది. ఇక్కడే నాకు ఆశ్చర్యం. అలంకారమంతా సున్నంతో పైపైన అద్దినదే అనుకునేవాణ్ణి. కాదు. గోడమీద స్తంభం రావలసిన చోట ఇటుకలు రెండు వేళ్ల మేర ముందుకొచ్చి ఉన్నాయి. చూరు వంపు తిరగాల్సిన చోట వరుస వరుసకూ కాస్త ముందుకు జరిపి పేర్చారు. సున్నం పనివాడు చేయబోయే బొమ్మ ఇటుక పేర్చేవాడికి ముందే తెలుసన్నమాట. ప్రతి అంతస్తుకూ నడిమధ్య ఒక వాకిలి విడిచారు. దానివల్ల లోపలికి వెలుతురు వస్తుంది, కింది దూలాల మీద భారం తగ్గుతుంది. పైకి పోయేకొద్దీ అంతస్తు ఎత్తూ వెడల్పూ తగ్గుతాయి. అందుకే ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపిస్తుంది.

లోపల మండపంలో కంబాలు మరో పాఠం. చదరపు దిమ్మె, ఎనిమిది పలకల నడుము, మళ్లీ దిమ్మె. ఇట్లా మూడు దిమ్మెలున్న కంబానికి పన్నెండు ముఖాలు, పన్నెండు బొమ్మలకు చోటు. ఒక్కొక్కటి జానెడు మందాన పొడుచుకు రాదు. వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బు, అంతే. పొద్దు ఏటవాలుగా పడ్డప్పుడే బొమ్మ లేచి నిలబడుతుంది. శిల్పి ఉలితో పాటు ఎండనూ వాడుకున్నాడని నా నమ్మకం.

ఇది 16వ శతాబ్దపు విజయనగర పద్ధతి. విజయనగరానికి లోబడి ఈ కోటను ఏలినవాళ్లు పెమ్మసాని నాయకులు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఆ విజయనగర పద్ధతే తమిళ దేశంలో ఆకాశానికి లేచింది. చిదంబరం ఉత్తర గోపురం కృష్ణదేవరాయలు కట్టించిందే. తిరువణ్ణామలై తూర్పు గోపురం, 217 అడుగులది, ఆయన కాలంలోనే మొదలైంది. తర్వాత మధుర, తంజావూరు నాయకులు, తెలుగు మాట్లాడే రాజులు, ఆ పనిని కొనసాగించారు. అట్లాగని మనమే వాళ్లకు నేర్పామని కాదు. గోపురాన్ని పెంచి పెద్దచేసింది చోళులు, పాండ్యులు. ఇంకా వెనక్కి పోతే, తాము కరికాల చోళుడి వంశమని చెప్పుకున్న రేనాటి చోళులు ఏలింది ఈ సీమనే. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కలమళ్ల శాసనం వాళ్లదే, ఆ ఊరు ఎర్రగుంట్ల దగ్గరే. రెండు దేశాల నడుమ ఉలీ తాపీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది పెన్న లోయ అంచున ఫోటోలు దిగి వెనక్కి తిరుగుతారు. లోయ చూడండి, అది చూడదగ్గదే. కానీ ఈసారి తెల్లవారేసరికి చేరుకోండి. తూర్పు ఎండ గోపురం మీద పడే వేళ ఒక గంట ఆ ఇటుకల ముందు నిలబడండి. కంబాల మీద పేర్లు మాత్రం గీకకండి, పక్కవాళ్లనూ గీకనివ్వకండి.