బోరు కడ్డీలో వంకరగీత

బోరు పైనుంచి కిందికి దిగుతుంది. దాన్ని చదవడం మాత్రం అడుగునుంచి మొదలుపెట్టాలి. గోదావరి లోయ బొగ్గు బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో వరసగా పేర్చి ఉంటాయి. ముందు నీళ్లు చల్లాలి. ఎండినప్పుడు అన్నీ బూడిదరంగే, తడిస్తేనే పొరలు తేలతాయి. తర్వాత చిటికెడు మట్టి పంటికింద వేసుకోవాలి. గరగరలాడితే సన్నని ఒండ్రు, వెన్నలా జారితే బంకమట్టి. కొత్తగా వచ్చిన పిల్లలు మొహం చిట్లిస్తారు గానీ, ఇంతకన్నా చవకైన పరికరం నాకింకా దొరకలేదు.

అడుగున గులకలతో ముతక ఇసుక, దానిపై సన్న ఇసుక, ఆపైన బంకమట్టి, అదృష్టం బాగుంటే బొగ్గు. నది పాయ పక్కకు జరిగిపోయి, అక్కడ బురదనేల మిగిలి, చెట్లు పెరిగాయన్నమాట. పైన మళ్లీ ముతక ఇసుక. ఇలా కిలోమీటర్ల మందం! అంత లోతైన నీళ్లు అక్కడెన్నడూ లేవు. ప్రాచీన గోండ్వానా ఖండం సాగుతుంటే పగుళ్ల నడుమ నేల కుంగింది. కుంగినకొద్దీ నదులు పూడ్చాయి.

1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించిన బొగ్గు ఈ వరసలోదే. దానికన్నా చాలా పైన కోటా పొరలు. వాటిలో దొరికిన బారాపాసారస్ ఎముకలు కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరాయి. లెక్కల సంస్థలో డైనోసార్ ఏమిటంటారా? అక్కడ భూగర్భశాస్త్రానికీ చోటిచ్చిన సంస్థ స్థాపకుడు మహలనోబిస్‌నే అడగాలి.

నీళ్లు ఎటు పారాయో తెలియాలంటే కడ్డీ చాలదు, వాగుగట్టున బయటపడ్డ ఇసుకరాయి దగ్గరికి వెళ్లాలి. అందులోని ఏటవాలు పొరలు ప్రవాహం వైపే వాలి ఉంటాయి. ఇక్కడ అవి ఎక్కువగా ఉత్తర వాయవ్యం చూపిస్తాయి. ఇప్పటి గోదావరి ఈ లోయలో పోయేది ఆగ్నేయానికి.

నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం ముతక ఇసుక మొదలయ్యే అంచు దగ్గర. కొత్త పాయ వచ్చి కింది పొరల్ని కోసుకుపోయిన చోటది. ఎంత పోయిందో ఆ కడ్డీలో ఉండదు. బోరు వివరాలు రాసే పుస్తకంలో అక్కడ తిన్నని గీత గీస్తే ఒప్పుకోను, వంకరగా గీయమంటాను. ఆ గీత చూసినవాడు ఈ బోరులో బొగ్గు లేదని రాసి ఊరుకోడు, పక్క బోరు పెట్టెలు తెప్పిస్తాడు. ఒక్కోసారి అందులో అదే బొగ్గు కోతపడకుండా నిలిచి ఉంటుంది.