రిలీవర్

స్టీల్ ప్లాంట్‌లో చేరిన కొత్తలో నాకు మొదట నేర్పింది లాగ్ బుక్కు రాయడం. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాం, ఏ గంటకి వేడి ఎంత ఉంది, అన్నీ రాసి, రిలీవర్‌కి చదివి వినిపించి, అతను సరేనన్నాకే షిఫ్టు దిగాలి. ఆ అలవాటు ఎనిమిదేళ్ల మా అమ్మాయి మంచం పక్కన అక్కరకొస్తుందని ఏనాడూ అనుకోలేదు.

పిల్లకి లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. వైద్యం రెండేళ్ల పైమాటే. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలోనే ఉంది. కూర్మన్నపాలెం వాళ్లం, ముంబయి రైలెక్కే పని తప్పింది.

నోటు పుస్తకంలో గీతలు కొట్టాను: గంట, జ్వరం, తాగిన నీళ్లు, మూత్రం, వాంతులు, మందు. పగలు మా ఆవిడ, రాత్రి నేను. తను పేజీ అడుగున "సగం ఇడ్లీ తింది, ఒకసారి నవ్వింది" అని రాసేది. నా గీతల్లో దానికి గడి లేదు. మర్నాడే గీశాను.

ఒక్క గంట మాత్రం ఆ పుస్తకంలో ఖాళీ. ఇంటికి పంపిన రోజుల్లో ఓ రాత్రి ఒళ్లు కాలుతుంటే థర్మామీటర్ పెట్టకుండానే పారాసెటమాల్ పట్టేశాను. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 లోపుకి పడిపోయిన బిడ్డకి 100.4 డిగ్రీలంటే అప్పటికప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి. మోగుతున్న అలారాన్ని నా చేతులతో నేనే కట్టేశాను. తెల్లారేసరికి పిల్ల వణికిపోతోంది. యాంటీబయాటిక్స్‌తో గట్టెక్కింది. ఆ గడి నేను నింపలేదు, నింపను.

పిల్లకిచ్చే విన్‌క్రిస్టిన్ మందు బిళ్లగన్నేరు నుంచి తీస్తారని తెలిశాక మా అమ్మ వదల్లేదు. "వాకిట్లోనే ఉంది కదా నాయనా, ఆకు నూరి పోద్దాం." వద్దమ్మా, ఆకు పసరులో మందెంతో విషమెంతో తేలదు, అక్కడ మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకి ఎక్కిస్తారు అని చెప్పాను. మెథోట్రెక్సేట్ అనే ఇంకో మందుని వెన్నులోకి కూడా ఇస్తారు. దాని వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం చేసిన అమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి కొన్నాళ్లపాటు గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. మెథోట్రెక్సేట్ ఆ మందుకి తోబుట్టువు. ఆ 16 మంచాల పక్కనా ఎవరో ఒకరు రాత్రంతా అంకెలు రాస్తూ కూర్చునే ఉంటారు. వాళ్లు రాసిపెట్టిన దానితో మొదలైన దారిలోనే ఈ రోజు నా బిడ్డకి వైద్యం నడుస్తోంది.

మూడో దఫా కీమో అప్పుడు ఓ పొద్దున మా ఆవిడకి అప్పజెబుతూ పుస్తకం తెరిచాను. రాత్రి 3 గంటల వరసలో నా రాత లేదు. పెన్సిలుతో, సెలైన్ ఎక్కుతున్న చేత్తో రాసిన వంకర అక్షరాలు: "జరం లేదు. నీల్లు తాగాను. నాన్న పడుకున్నాడు."