నల్లమల తొలి ధార

గుంటూరు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే వినుకొండ దాకా పత్తి, మిరప చేలే. త్రిపురాంతకం దాటాక చేలు పలచబడతాయి. దోర్నాల దగ్గర నల్లమల ఎదురవుతుంది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లోనే, ఫాల్గుణ చైత్రాల్లో, ఆ అడవిలో ఇప్పపూలు రాలతాయి. అక్కడి గిరిజనులైన చెంచుల ఇప్పసారాకు ఆ కొద్ది వారాల పువ్వే ఆధారం. గుంటూరు మిరపకు దేశదేశాల్లో పేరుంది. దాని పక్కనే పుట్టిన ఈ సారా కాచే విద్యకు నేరమన్న ముద్ర ఒక్కటే మిగలడం అన్యాయం.

ఇప్పపువ్వును కోయరు, ఏరతారు. చెట్టు కింద ఆకులు ఊడ్చి ఉంచుతారు. రాత్రి రాలిన పువ్వును ఎండ ఎక్కకముందే బుట్టకెత్తాలి, లేకపోతే జింకలకో ఎలుగుబంట్లకో పోతుంది. మూడు నాలుగు రోజుల ఎండకు అది ఎర్రబారి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. ఎండుపువ్వులో సగం దాకా చక్కెరే. కరువు రోజుల్లో అదే కూడు.

ఆ పూలను కుండలో నీళ్లు పోసి నానేస్తే ఊట తయారవుతుంది. వేరే మందు అక్కర్లేదు, పువ్వు మీదున్న ఈస్టే పులియబెడుతుంది. వేసవిలో నాలుగైదు రోజులు చాలు, చలిలో వారం పైనే పడుతుంది. నురగ అణిగి, కుండలో బుసబుస ఆగాలి. ముందే దించితే తీపి మిగిలిపోతుంది, ఆలస్యమైతే పుల్లగా చెడుతుంది.

అసలు నేర్పు పొయ్యి దగ్గర. కుండ మీద కుండ పెట్టి సందులు బంకమట్టితో మెత్తుతారు, పైన చన్నీళ్ల గిన్నె ఉంచుతారు. ఆవిరి ఆ గిన్నె అడుగును తాకి చల్లబడి, లోపలి పాత్రలోకి బొట్లుగా దిగుతుంది. పై నీళ్లు వేడెక్కితే వెంటనే మార్చాలి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లకు 100 కావాలి. అందుకే మంట సన్నగా ఉండాలి. పెంచితే ధారలోకి నీళ్లు దిగుతాయి, పూలు అడుగంటి మాడువాసన కొడుతుంది. తొలి బొట్లను నేలమీద దేవుడి పేరున వదిలే ఆచారముంది. గొంతుకు పడని ఘాటు పదార్థాలు ముందుగా దిగేదీ ఆ బొట్లలోనే కాబట్టి, అందులో పొయ్యి దగ్గరి వివేకమూ ఉంది. తొలి ధారను నిప్పు మీద చిలకరిస్తే నీలిమంట లేస్తుంది. చివరి ధార మండదు.

ఇలాగే పూర్వం ఇంగ్లండులో మద్యం బలాన్ని తుపాకీమందు తడిపి, వెలిగించి చూసేవారు. అమెరికా బోర్బన్ విస్కీ బలాన్ని నేటికీ ఆ పరీక్ష నుంచి వచ్చిన ‘ప్రూఫ్’ లెక్కలోనూ చెబుతారు. దానికి కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిల్వ చేయాలి. 1897 నాటి చట్టం కింద ముద్ర కావాలంటే సరుకంతా ఒకే బట్టీలో ఒకే సీజనులో కాచిందై, కనీసం నాలుగేళ్లు నిలవుండి, 50 శాతం బలంతో సీసాకెక్కాలి. ఒక్క సీజను, ఒక్క చోటు అన్న నియమం ఇప్పసారాకు ప్రకృతే పెట్టింది.

మైదానంలో జనం కన్నీళ్లు పెట్టింది ఈ సారాతో కాదు. నల్లబెల్లం ఊటలో నవసాగరం, యూరియా కలిపిన సరుకుతో, 1980లలో ఊరూరా ప్యాకెట్లలో అమ్మిన సారాతో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ ప్యాకెట్టునూ అడవి పువ్వునూ చట్టం ఒకే గాటన కట్టింది. ఇప్పటికీ ఇంట్లో సారా కాస్తే కేసే.

వేరే రాష్ట్రాలు మరో దారి పట్టాయి. గోవా సారా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్ 2022లో గిరిజనుల ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముకోనిచ్చింది. తెలంగాణలో ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. నల్లమలలోనూ చెంచు సంఘాలకే ఇప్పసారా లైసెన్సు ఇవ్వాలి, ఏటా ఇంతేనని పరిమితి పెట్టాలి, ప్రతి కాపునూ ప్రయోగశాలలో పరీక్షించాలి. దళారికి, బయటి కాంట్రాక్టరుకు అందులో చోటుండకూడదు.