నలుపు తెలుపు ఫిల్ములలో రేణుగుణము

కావ్యవిమర్శలో ద్రాక్షాపాకమే ఉత్తమమనియు, నారికేళపాకము దోషమనియు వివేకులు తీర్మానింపరు. ఏ వస్తువునకు ఏ పాకము తగునో విచారింతురు. నలుపు తెలుపు ఫిల్ములలో గ్రెయిన్ అని వ్యవహరింపబడు రేణుగుణమును పోల్చునపుడు మాత్రము ఈ వివేకము తరచుగా లోపించుచున్నది. రేణువు సన్నమైనచో ఫిల్ము మేలైనదనియు, ముతకయైనచో నాసియనియు చెప్పుట వాడుకయైనది. ఈ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసియున్నది.

ఫిల్ముమీది జెలటిన్ పొరలో వెండి లవణముల స్ఫటికములు వ్యాపించియుండును. వెలుగు సోకిన స్ఫటికములు డెవలపర్ ద్రావకమున నల్లని వెండిగా మారును. సామాన్యముగా స్ఫటికము పెద్దదైనకొలది వెలుగును గ్రహించు శక్తి హెచ్చును. అందుచేతనే మసక వెలుతురున పనికివచ్చు వేగపు ఫిల్ము ముతకగాను, ఎండలో వాడు నెమ్మది ఫిల్ము సన్నముగాను ఉండును. మన కంటికి కనబడునది ఒంటరి రేణువు కాదు. అనేక రేణువులు ఒకదానిపై నొకటి పడగా నేర్పడిన గుంపు. నడిమి బూడిద వన్నెలలో అది విశేషముగా తోచును.

1954లో కొడాక్ సంస్థ 35 మి.మీ. కెమెరాలకు ట్రై-ఎక్స్ ఫిల్మును అందించినది. 1986లో అదే సంస్థ టి-మాక్స్‌ను వెలువరించినది. ఇందలి స్ఫటికములు పలకలవలె చదునైనవి. తక్కువ వెండితో ఎక్కువ వెలుగును అందుకొనును. కావున 400 వేగము గల రెండింటిని పోల్చినచో టి-మాక్స్ రేణువే సన్నము. కొలతలో గెలుపు దానిదే. అయినను ట్రై-ఎక్స్ నేటికిని వాడుకలో నిలిచియున్నది. దాని రేణువు చిత్రమునకిచ్చు గరుకుదనమును కోరువారు కలరు.

పోలిక న్యాయముగా నుండవలెనన్న ద్రావకమును, పెంపును సమానముగా నుంచవలెను. 1891 నాటి రోడినాల్ రేణువు అంచులను పదునుగా నిలుపును. సోడియం సల్ఫైటు మెండుగా గల డి-76 వాటిని కొంత కరిగించి మెత్తపరచును. ఒకే ఫిల్ము రెండింటిలో రెండు స్వభావములు చూపును. 24×36 మి.మీ. నెగటివును, 6×6 సెం.మీ. నెగటివును ఒకే పరిమాణమునకు పెంచి, ఫిల్ముల గుణదోషములు తేల్చుట తగదు.

టోక్యోలో 1968లో ఆరంభమైన ప్రొవోక్ పత్రిక వర్గపు ఛాయాగ్రాహకుడు దైదో మొరియామా ముతక రేణువునే తన భాషగా స్వీకరించినాడు. పెద్ద నెగటివులపై పర్వతశిలలను చిత్రించిన అమెరికా కళాకారుడు ఆన్సెల్ ఆడమ్స్‌కు రేణువు కనబడకుండుటయే కావలసియుండెను. ఇరువురును తమ వస్తువునకు విధేయులే. వస్తువు కోరకున్నను ముతకతనమే సత్యమని ప్రతి చిత్రమునకు పూయువారు మాత్రము సన్నపు రేణువును పూజించువారివలెనే పొరబడుచున్నారు.

నిశ్చల చిత్రములలో అభిరుచికి సంబంధించిన ఈ ప్రశ్న, పాత చలనచిత్రముల పునరుద్ధరణలో ధర్మప్రశ్న యగుచున్నది. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయము మూల నెగటివులు 1993లో లండనులో జరిగిన అగ్నిప్రమాదమున దెబ్బతిన్నవి. ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు వాటిని బాగుచేయగా, 2015లో వెలువడిన ప్రతిలో పథేర్ పాంచాలి సుమారు 40 శాతము మూలమునుండియే లభించినది. తక్కినది ఇతర ప్రతులనుండి గ్రహించిరి. ప్రతికి ప్రతి తీసినపుడెల్ల కొత్త ఫిల్ము తన రేణువును కూడ చేర్చును. కావున ఒకే కథలో పక్కపక్క దృశ్యముల రేణువు భిన్నముగా నుండవచ్చును.

అన్నింటిని కంప్యూటరుతో నునుపుచేయుట సులభము. కాని యంత్రము మితిమీరినచో రేణువుతోబాటు ఇందిర్ ఠాక్రున్ ముఖమందలి సన్నని ముడుతలు, రెల్లుపూల నూగు సైతము చెరగిపోవును. తాళపత్రములను పరిష్కరించు పండితుడు లేఖకదోషమును దిద్దును గాని, కవిప్రయోగము తనకు కటువుగా తోచినదని మార్చడు. ఫిల్ముపై దుమ్ము, గీతలు లేఖకదోషముల వంటివి. మూల నెగటివు రేణువు అట్టిది కాదు. బొమ్మ యంతయు దానితోడనే నిర్మితమైనది. ఈ భేదమును గుర్తింపజేయుటయే రేణువులను పోల్చు విమర్శకు ప్రయోజనము.